కొండకు దగ్గరగా, ఆసుపత్రికి దూరం కాకుండా

ఇక్కడ నేను సాధారణంగా మధుమేహం గురించో, రక్తపోటు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో రాస్తూ ఉంటాను. ఈసారి విషయం మీకు కొంత వింతగా తోచవచ్చు. కొండరాళ్లు ఎక్కడమే జీవితానందంగా పెట్టుకున్న మనిషి ఏ ఊళ్లో నివాసం ఏర్పరచుకోవడం మేలు? ఈ ప్రశ్న నన్ను అడిగింది మా పెద్దమ్మాయి కూతురు. వయస్సు ఇరవై ఏడేళ్లు, వృత్తి సాఫ్ట్‌వేరు. ఆమె అనుమతి తీసుకొనే ఈ వివరాలు రాస్తున్నాను.

ఆమె పనిచేసే కంపెనీ మూడు దారులు చూపింది. హైదరాబాదు కార్యాలయంలోనే కొనసాగవచ్చు. దేశంలో ఎక్కడి నుంచైనా ఇంటి నుంచే పని చేయవచ్చు. లేదా అమెరికాలోని కొలరాడో శాఖకు బదిలీ కోరుకోవచ్చు. కొలరాడో ఆమెకు కొత్తకాదు, అక్కడే ఎం.ఎస్. చదివింది. ఈ మూడు దారులనూ ఆమె తన భాషలోకి మార్చుకుంది. మొదటిది భువనగిరి కోట రాయి, రెండవది హంపి, మూడవది బౌల్డర్ పట్టణం. ఒక ఆదివారం ఉదయం వచ్చి, కాఫీ తాగుతూ, కాగితం మీద గీసిన పట్టిక నా ముందు పెట్టింది. రాతి నాణ్యత, వాతావరణం, ఇంటి అద్దె, జీతం, తోటి ఆరోహకులు అని గళ్లు. "తాతయ్యా, నువ్వు డాక్టరువి కదా, ఏది మంచిదో నువ్వు చెప్పు" అంది.

పట్టికలో వ్రేళ్లకూ, రక్తానికీ, నిద్రకూ, ఆసుపత్రికీ గళ్లు లేవు. అవి నేను గీశాను. అంతకుముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకూ, నా శ్రీమతికీ డెబ్బై దాటాయి. పిల్లలు తలో దేశంలో ఉన్నారు. వారానికి ఒకసారైనా గడపలో చెప్పులు విడిచే మనిషి ఈ మనవరాలు ఒక్కతే. కనుక నా సలహాలో స్వార్థం కలిసే ప్రమాదం ఉంది. రోగికి శస్త్రచికిత్స అవసరమా కాదా అని చెప్పవలసిన వైద్యుడు తన రుసుమును మరచిపోవాలని మా గురువులు చెప్పేవారు. ఆ మాట గుర్తుంచుకొని రాయడానికి ప్రయత్నిస్తాను.

ఈ క్రీడ ఎరుగని పాఠకులకు రెండు ముక్కలు. శిలారోహణంలో ముఖ్యంగా రెండు పద్ధతులు. ఒకటి, నడుముకు హార్నెస్ అనే పట్టీ బిగించుకొని, తాడు సాయంతో ఎత్తైన రాతిగోడ ఎక్కడం. క్రింద ఒక జోడీ ఆ తాడును పట్టుకొని ఉండాలి. పైవాడి ప్రాణం క్రిందివాని చేతిలో ఉంటుంది. రెండవది బౌల్డరింగ్, అంటే మనిషికి రెండు మూడు నిలువుల ఎత్తుండే గుండ్లను తాడు లేకుండా, క్రింద మందపాటి పరుపు వేసుకొని ఎక్కడం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఈ క్రీడకు తొలిసారి స్థానం దక్కింది. మొదట్లో నేను దీనిని కోతిచేష్టగానే భావించాను. ఆమె ఎక్కుతుండగా ఒకసారి వెళ్లి చూశాను. పాదం పెట్టే ముందు అంగుళం చోటును అయిదారు మార్లు కళ్లతో పరీక్షించే ఆ ఓర్పు చూశాక నా అభిప్రాయం మార్చుకున్నాను.

ఇక వ్రేళ్ల సంగతి. మన వ్రేళ్లను ముడిచే కండరాలు చేతివ్రేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు అనే గట్టి నారతాళ్లు వ్రేళ్ల కొసల దాకా సాగుతాయి. ఆ తాళ్లు ఎముకను విడిచి పైకి లేవకుండా, ప్యాంటుకు బెల్టు లూపుల్లాగా, చిన్న చిన్న పట్టీలు వాటిని ఎముకకు అదిమి ఉంచుతాయి. వైద్యులు వీటిని గిలకలు అనే అర్థంలో 'పుల్లీ'లు అంటారు. అరంగుళం రాతి అంచు మీద వ్రేలి కొసలు వంచి, శరీరపు బరువంతా వేలాడదీసినప్పుడు ఆ పట్టీల మీద పడే ఒత్తిడి అసామాన్యం. ఉంగరపు వ్రేలి మొదటి కణుపు దగ్గరి పట్టీ తెగడం ఆరోహకులలో తరచుగా కనిపించే గాయం. 'టప్'మని శబ్దం కూడా వినిపిస్తుంది. రెండేళ్ల క్రితం మా మనవరాలికి అదే జరిగింది. మూడు నెలలు వ్రేలికి ఉంగరంలాంటి బద్ద వేసుకొని తిరిగింది.

ఇందులో గమనించవలసినది ఏమిటంటే, కండరం వారాలలో బలపడుతుంది. టెండన్లకూ, పట్టీలకూ నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. వాటికి రక్తప్రసరణ తక్కువ. కండరం సిద్ధమై ఉత్సాహపడుతుంటే నార మాత్రం ఇంకా సిద్ధం కాదు. ఎదిగే పిల్లలలోనైతే తెగేది పట్టీ కాదు, ఎముక పెరిగే మృదుభాగం విరుగుతుంది. పన్నెండు పదిహేనేళ్ల పిల్లవాడు గోడలెక్కే శిక్షణలో ఉండి, మధ్య కణుపు నొప్పి అంటే తల్లిదండ్రులు నూనె రాసి ఊరుకోకూడదు, ఎక్స్‌రే తీయించాలి.

ఊరు ఎంచుకోవడానికీ దీనికీ సంబంధం ఉంది. నారకు కావలసింది కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా, నడుమ విశ్రాంతితో పడే భారం. వారమంతా కుర్చీలో కూర్చొని, ఆదివారం నాడు ఆబగా ఎనిమిది గంటలు ఎక్కేవారు గాయపడతారు. రాతి మధ్యనే కాపురముండి రోజూ ఎక్కేవారూ గాయపడతారు. అందుచేత ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "బుధవారం సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసు అయ్యాక నువ్వు ఎక్కడ ఉంటావు తల్లీ?"

హైదరాబాదు విషయంలో సమాధానం తేలిక: వాహనాల రద్దీలో. ఇది అన్యాయం, ఎందుకంటే ఈ నగరమే ఒకప్పుడు రాళ్ల మధ్య కట్టిన ఊరు. ఇక్కడి గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. పగుళ్ల వెంట వాన, ఎండ కోటానుకోట్ల ఏళ్లు తొలిస్తే మిగిలిన గట్టి భాగాలవి. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ పేర్లలో కొండలు మిగిలాయి గాని, నేల మీద చాలావరకు పోయాయి. వాటిని కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడి ఇప్పటికీ పాటుపడుతోంది. మా మనవరాలు కాలేజీ రోజుల్లో మొట్టమొదట ఎక్కిన గుండు గచ్చిబౌలి వైపు ఉండేది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంటు సెల్లారు ఉంది. బద్దలు కొట్టేటప్పటి పేలుళ్లు మా ఇంటి దాకా వినిపించేవి.

నగరానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఉంది. ఏకశిలగా నిలిచిన ఆ కొండ మీదే కోట. మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందినది ఆ రాతి మీదే. నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ బాలిక 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ వార్త చదివాకే మా మనవరాలికి ఈ పిచ్చి మొదలైంది.

భువనగిరికి వెళ్లిరావడంలో నాకు భయం కలిగించేది కొండ కాదు, తిరుగు ప్రయాణం. తెల్లవారుజామున లేచి, ఎండలో ఆరుగంటలు శ్రమించి, ఒంట్లో నీరు తగ్గి, చేతులు వణుకుతుండగా మోటారు సైకిలు మీద జాతీయ రహదారి పట్టడం! మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. నా సర్వీసులో అర్ధరాత్రి నన్ను లేపిన కేసులలో ఎక్కువ భాగం రోడ్డు మీద నుంచి వచ్చినవే.

కొండ మీద నుంచి పడినవారిని నేను చూసింది తక్కువ. తాటిచెట్టు మీద నుంచి పడినవారిని చాలామందిని చూశాను. 1979లో నల్గొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండగా, ఒక వేసవి సాయంత్రం గీత కార్మికుడు ఒకతన్ని మోసుకొచ్చారు. మోకు జారి చెట్టు సగం ఎత్తు నుంచి పడ్డాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. ఒకరు చంకల క్రింద, ఒకరు మోకాళ్ల క్రింద చేతులు వేసి, నడుము వంగిపోగా ఎత్తి ఎడ్లబండిలో కూర్చోబెట్టి తెచ్చారు. పడినప్పుడు కాలివ్రేళ్లు కదిలించాడని, "నీళ్లియ్యి" అని కాలు ముడుచుకున్నాడని అతని భార్య చెప్పింది. నా బల్ల మీదికి వచ్చేసరికి నడుము క్రింది భాగంలో స్పర్శ లేదు, కదలిక లేదు. విరిగిన వెన్నుపూస, పడ్డప్పుడు విడిచిపెట్టిన వెన్నుపామును బండి ప్రయాణంలో నలిపివేసింది. ఎత్తినవారు ప్రేమతోనే ఎత్తారు. అతన్ని పెద్దాసుపత్రికి పంపాను. ఆరు నెలల తర్వాత ఆ ఊరికి టీకాల పనిమీద వెళ్తే, వాకిట్లో నులక మంచం మీద కనిపించాడు. పిరుదుల మీద పుండ్లు పడ్డాయి. వాటికి కట్టు కట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అందువల్లనే ఎవరైనా ఎత్తు నుంచి పడితే ముందుగా కదిలించవద్దని అందరికీ చెబుతుంటాను. తలా, మెడా, నడుమూ ఒకే సరళరేఖలో ఉండేటట్లు నలుగురైదుగురు కలిసి, దుంగను దొర్లించినట్లుగా పక్కకు తిప్పి, బల్ల మీదికి చేర్చాలి. 108 వాహనం వచ్చేదాకా ఆగగలిగితే ఆగడమే మంచిది. తాడు మీద స్పృహతప్పి వేలాడుతున్న మనిషి విషయం వేరు, అతన్ని మాత్రం త్వరగా దించాలి. కదలని కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయం కలగవచ్చు. ఈ మధ్య, 2024లో, తెలంగాణలో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరిట ప్రభుత్వం పంచుతున్న సామగ్రిని చూశాను. నడుము పట్టీ, తాడు, కొక్కేలు అన్నీ మా మనవరాలి సంచిలో ఉన్న వస్తువుల కోవకు చెందినవే. నలభై అయిదేళ్లు ముందు వచ్చి ఉంటే అనిపించింది.

ఇప్పుడు హంపి. ఆమె మనస్సు మొగ్గినది అక్కడికే. తుంగభద్రకు ఉత్తరాన ఆనెగొంది వైపు ఒక పెంకుటింట్లో అద్దెకుండి, ఇంటర్నెట్టుతో పని చేసుకుంటూ, ప్రొద్దున్నే గుండ్లెక్కి, సాయంత్రం వరిచేల మధ్య నడవాలని ఆమె కల. కృష్ణదేవరాయల పేరు వింటేనే పులకించే జాతివాళ్లం, నాకూ ఆ చోటు మీద మమకారం ఉంది. బౌల్డరింగుకు హంపి పేరు ప్రపంచమంతటా తెలుసు. శీతకాలంలో యూరపు నుంచీ, ఇజ్రాయెల్ నుంచీ పరుపులు వీపున మోసుకుంటూ వస్తారు. వారు ఎక్కువగా బసచేసే విరుపాపుర గడ్డెలోని వసతి గృహాలను 2020లో న్యాయస్థానం ఆదేశంతో తొలగించాక, ఆ సందడి సాణాపుర వైపుకు జరిగింది.

అయితే ఆ రాళ్ల ఋతువు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మార్చి వచ్చిందంటే గుండు మీద చేయి పెట్టలేము. చెమట పట్టిన వ్రేళ్లు రాతిని పట్టవు. పట్టినచోట చర్మం లేచిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు తోటి ఆరోహకులు ఉండరు. ఒంటరిగా ఎక్కడం మానలేని వ్యసనపరుల కథ ఎలా ముగుస్తుందో ఊహించడానికి వైద్యశాస్త్రం అక్కరలేదు. ఆ ప్రాంతపు కొండలలో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి; వాటి వేళ సంధ్య, మనవాళ్లు చల్లదనం కోసం ఎంచుకునే వేళా అదే. రాతి చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టులు మరొక గండం. ఒక్క కుట్టుకే ఊపిరాడని మనిషికి తొడ బయటి వైపు కండరంలో అడ్రినలిన్ సూది నిమిషాలలో పడాలి. గంగావతి దగ్గరే ఉన్నా, వెన్నుకో తలకో పెద్ద దెబ్బ తగిలితే హోసపేట దాటి మరో అరవై కిలోమీటర్లు బళ్లారికి పోవాలి. నా ఎర్రసిరా గడిలో హంపికి తక్కువ మార్కులు పడ్డాయి. ఆమె ముఖం చిన్నబోయింది. "ఏటా నెలరోజులు వెళ్లు, కాపురం వద్దు" అన్నాను. వ్రేలు తెగినది కూడా హంపిలోనే, సెలవు చివరి రోజున, వాచిన వ్రేలితో ఇంకొక్కసారి అని ప్రయత్నించినప్పుడే. ఆ సంగతి నేను ఎత్తలేదు, తనే ఎత్తింది.

మాటవరసకు ప్రపంచంలోని మరికొన్ని చోట్లు కూడా చెప్పింది. తాడు లేకుండా 2017 జూన్ 3న ఎల్ కాపిటాన్ అనే సుమారు 900 మీటర్ల గోడ ఎక్కిన అలెక్స్ హానల్డ్ అనే యువకుడు ఏళ్ల తరబడి వ్యానులోనే కాపురం చేసి, చివరికి లాస్ వేగాస్‌లో ఇల్లు కొన్నాడట. జూదానికి కాదు, ఊరి పక్కనే ఎర్రరాతి లోయ ఉంది కనుక. వేసవిలో మాత్రం అది మన రెంటచింతల. నా వయస్సువాడికి నచ్చింది ఫ్రాన్సులోని ఫాంటెన్‌బ్లో. పారిస్‌కు అరవై కిలోమీటర్ల దూరంలో అడవి, ఇసుకరాతి గుండ్లు, క్రింద మెత్తని ఇసుక, తేలిక నుంచి కష్టం దాకా రంగు గుర్తులతో దారులు. తలలు నెరసినవారు కూడా అక్కడ ఎక్కుతుంటారని వీడియో చూపింది. అయిదు నిమిషాలు నేనూ కలగన్నాను.

బౌల్డర్ పట్టణం గురించి ఎక్కువగా ప్రశ్నలు వేశాను, తప్పు దొరకాలన్న ఆశతో. ఊరి పడమటి అంచునే ఫ్లాటైరన్లు అనే ఇసుకరాతి పలకలు, ఇస్త్రీపెట్టెలు నిలబెట్టినట్లుగా. పక్కనే లోయలో గ్రానైటు. చలికాలంలోనూ ఎండ పడే వైపు ఎక్కవచ్చు. లోపల ఎక్కే కృత్రిమ గోడల జిమ్ములు ఊళ్లోనే ఉన్నాయి. బుధవారం సాయంత్రానికి సమాధానం దొరికింది: ఆఫీసు నుంచి ఇరవై నిమిషాలు. 1947 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద పర్వత రక్షణ దళం ఒకటి అక్కడ ఉంది. కొండ మీద చిక్కుకున్నవారిని రుసుము పుచ్చుకోకుండా దించుతారు. అయితే క్రిందికి దిగాక ఆంబులెన్సుకూ, ఆసుపత్రికీ బిల్లు పడుతుంది. ఆ దేశంలో బీమా పత్రం చదవకుండా రాయి ఎక్కకూడదు.

దోషాలూ దొరికాయి. ఇళ్ల అద్దె విపరీతం. వేసవి మధ్యాహ్నాలు పిడుగులతో కూడిన వానలు, కనుక ఉదయమే ఎక్కి దిగాలి. ఎండు గడ్డి మైదానాలు కనుక కార్చిచ్చు భయం. 2021 డిసెంబరు 30న ఆ కౌంటీలో వెయ్యికి పైగా ఇళ్లు ఒక్కరోజులో కాలిపోయాయి. ఊరి ఎత్తు సుమారు 1,655 మీటర్లు, హైదరాబాదుకు మూడురెట్లు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే దాదాపు ఆరోవంతు తక్కువ. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతానికి పైగా పెరుగుతుంది. ఆరోగ్యవంతుడికి ఇవి పెద్ద విషయాలు కావు, వారం రెండు వారాలలో శరీరం సర్దుకుంటుంది. రక్తహీనత ఉన్నవారికి మాత్రం మెట్లెక్కినా ఆయాసమే.

పరీక్ష చేయిస్తే ఆమె హిమోగ్లోబిన్ 9.8 గ్రాములు! ఆడవారికి 12 ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. మా ఇంటి పిల్ల అందులో ఒకతె అని నాకు తెలియకపోవడం నాకు సిగ్గుచేటు. కారణం విచారిస్తే తిండి. ఈ క్రీడలో బరువు తగ్గితే ఎక్కడం సులువవుతుందన్న నమ్మకం బలంగా ఉంది. రాత్రిపూట అన్నం మానేసింది. నెలసరి కూడా క్రమం తప్పుతోందని అమ్మమ్మతో చెప్పుకుందట. శ్రమకు తగిన ఆహారం లేకపోతే శరీరం మొదట ఆపేది నెలసరిని, తర్వాత ఎముకల బలాన్ని. ఇది పాతికేళ్లకు చేసిన అప్పు, అరవైలో తుంటి ఎముక విరిగి తీర్చవలసి వస్తుంది. ఉత్తమ ఆరోహకులంతా గుమిగూడిన బౌల్డర్ వంటి ఊళ్లో ఈ పోలికల జబ్బు ఇంకా ముదరవచ్చు. నా దృష్టిలో ఆ ఊరికున్న అసలు ప్రమాదం పిడుగు కాదు, ఇదే. ఈ మాట కొంత గట్టిగానే చెప్పాను. ఆ రోజు ఆమె అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోయింది, అంటే నా ఉపదేశం మొదటి పూటే బెడిసికొట్టింది.

నాలుగు నెలలు ఇనుము మాత్రలు వేసుకుంది, టీ కాఫీలతో కాకుండా నిమ్మరసంతో. మా శ్రీమతి తోటకూర పప్పు, వేరుసెనగ ఉండలు డబ్బాలకెత్తి పంపింది. హిమోగ్లోబిన్ 12.3కు చేరింది, నెలసరి గాడిన పడింది. చిత్రమేమిటంటే బరువు రెండు కిలోలు పెరిగాక, అంతకుముందు ఏడాదిగా ఎక్కలేకపోయిన ఒక గుండును ఎక్కింది.

పట్టికలో నా గళ్లు కూడితే బౌల్డర్‌కే ఎక్కువ వచ్చాయి. రెండుసార్లు కూడాను. అద్దె గడికి ఇంకొంత బరువిస్తే హైదరాబాదు ముందుకు వస్తుందేమో అని ఒక రాత్రి ప్రయత్నించి, ఆ కాగితం చింపివేశాను. మరునాడు ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. కాసేపు అవతల నిశ్శబ్దం. "నువ్వు ఇక్కడే ఉండమంటావనుకున్నా తాతయ్యా" అంది.

ఆమె వెళ్లి ఇప్పటికి ఆరు వారాలు. ఇంటి వెల చూసి కొండ పక్కన కాకుండా, ఊరికి తూర్పున మరొక అమ్మాయితో కలిసి చిన్న గది తీసుకుంది. ఆ అమ్మాయే తాడు పట్టే జోడీ కూడా. వీడియోలో గది చూపిస్తుంటే, కిటికీలోంచి కొండ కనిపిస్తుందా అని మా ఆవిడ అడిగింది. కనిపించదట. బస్సు స్టాపు, దాని వెనుక కూరగాయల దుకాణం కనిపిస్తాయట. పొయ్యి మీద అన్నం ఉడుకుతోందని మధ్యలో లేచి వెళ్లింది.